నలభై ఏడు చిక్కుడు పొట్లాలు

ఖమ్మం బస్టాండులో ఉదయం అయిదున్నరకు మణుగూరు బస్సు ఎక్కాను. టికెట్ ఎంతో రాయను, మీరు బయల్దేరేసరికి ఎలాగూ మారుతుంది. కిటికీ సీటు దొరికింది. చలి గట్టిగా ఉంది, మఫ్లర్ తెచ్చుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఒళ్ళో ఒక సంచి, సంచిలో పాత పేపర్లో చుట్టిన నూలు బట్ట. ఆ బట్ట విషయంలో నేనొక తప్పు చేశాను. ఈ ప్రయాణం ఆ తప్పుకు జవాబు చెప్పుకోవడానికి.

ముందు నా సంగతి చెప్పాలి. ఖమ్మంలో నాకు ఫ్లెక్సీల షాపు ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, నాయకుల పుట్టినరోజులు, ఏదైనా సరే గంటలో డిజైన్ చేసి సాయంత్రానికి ప్రింటు చేతిలో పెడతాను. ఖాళీ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. అక్కడ ఒక పువ్వో, ఫొటోనో పెట్టందే నాకు తోచదు. రెండు వారాల కిందట మణుగూరు అవతలి అడవి ఊరి నుంచి నాగమణి అనే అమ్మాయి షాపుకొచ్చింది. కోయ పిల్ల, వాళ్ళ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచర్. ఫోన్ మీద వేలితో గీసిన బొమ్మను పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చింది. గుండ్రంగా ఒక ఏడాది చక్రం. వాళ్ళ చేనూ అడవీ ఏ కాలంలో ఏది ఇస్తాయో వరసగా ఉన్నాయి: చిక్కుడు, ఇప్పపువ్వు, తునికి, మామిడి, ఇంకా చాలా. అన్నీ చుక్కలతోనే గీసింది. ఆ చుక్కలు వాళ్ళ అమ్మమ్మ ఇంటి గోడ మీద వేసే పద్ధతట. నేను ఇరవయ్యేళ్ళుగా మౌసు తిప్పుతున్నాను, అంత కుదురైన బొమ్మ నా చేతిలో ఒక్కటీ రాలేదు. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ అమ్మాయి ఫ్లెక్సీ వద్దంది. పండుగయ్యాక అది మట్టిలో కలవదని ఊరి పెద్దలు ఒప్పుకోలేదట. నూలు బట్ట మీద ప్రింటు వేసేవాళ్ళను వెతుక్కుంటూ ఖమ్మం దాకా వచ్చింది, నేను వేసిస్తానన్నాను. చక్రం మధ్యలో చాటంత ఖాళీ ఉంది. అందులో 'పండుగ శుభాకాంక్షలు' అని రాసి చుట్టూ పెద్దల ఫొటోలు పెడదామా అని అడిగాను. నవ్వి, ఖాళీని ఖాళీగానే ఉంచమంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట చెప్పింది.

"కొత్త అయ్యేదాంక ఎవ్వరికి చూపియ్యొద్దన్నా."

నేను సరేనని తల ఊపాను. ఊపింది తలే, చెవులు వేరే పనిలో ఉన్నాయి. బట్ట తయారైన సాయంత్రం దాన్ని షాపు ముందు తాడు మీద ఆరేసి, ఫొటో తీసి, 'మా షాపులో కొత్త పని' అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టేశాను. నాగమణి నంబరు కూడా నా ఫోన్లో ఉందన్న సంగతే గుర్తు లేదు. గంటన్నరకు ఆమె ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. వెంటనే తీసెయ్యొద్దని, ముందు ఎవరెవరు చూశారో ఆ లిస్టును స్క్రీన్‌షాట్ తీసుకొమ్మని, అప్పుడు స్టేటస్ తీసెయ్యమని చెప్పింది. పెద్దలు తప్పకుండా అడుగుతారట. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి, బట్ట తీసుకుని నన్నే రమ్మన్నారని చెప్పింది.

కొత్త అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళ దగ్గర చేనులో చిక్కుడు కాసినా, చెట్టున మామిడి కాసినా వెంటనే తినరు. ముందు వేల్పుకూ గడిచిపోయిన పెద్దలకూ పెట్టి, ఊరంతా కూడి పండుగ చేసుకున్నాకే నోట పెడతారు. దాన్నే కొత్త చేసుకోవడం అంటారు. అంతకుముందే తింటే ఎంగిలి. నాగమణి బొమ్మను కూడా ఊరు అదే లెక్కలో పెట్టుకుంది. కొత్త పంట లాగే కొత్త బొమ్మ. చిక్కుడు కొత్త రోజున అందరూ కలిసి మొదటిసారి చూడాలని అనుకున్నారు. దాన్ని నేను ఎంగిలి చేశాను. ఆర్నెల్లు కూర్చుని ఆ పిల్ల గీసిన బొమ్మను ఇప్పుడు పండుగలో పెడతారో, చుట్టి మూల పడేస్తారో తెలియదు. పండుగ రేపే.

బస్సు జూలూరుపాడు దాటాక తెల్లవారింది. స్క్రీన్‌షాట్ మళ్ళీ తీసి చూసుకున్నాను. నాగమణిని తీసేస్తే నలభై ఏడు పేర్లు. మా ఆవిడ, ప్రింటు రోల్స్ సప్లై చేసే మార్వాడీ సేటు, ఆటో యూనియన్ వాళ్ళు, సగం మంది కస్టమర్లు. చివరి నుంచి రెండో పేరు మా అన్నయ్యది. నా స్టేటస్ ఎవరు చూస్తున్నారో నేనెప్పుడూ చూసుకోలేదు, అందుకే ఆ పేరు చూసి ఉలిక్కిపడ్డాను.

అన్నయ్య చండ్రుగొండలో వ్యవసాయం చేస్తాడు. నాలుగేళ్ళుగా మాకు మాటల్లేవు. కారణం చెబితే నవ్వుతారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి పది అడుగుల ఫ్లెక్సీ నేనే వేశాను. బాబాయిలూ మేనమామలూ అందరి ఫొటోలూ పెట్టి, పెళ్ళికూతురి తల్లి, మా వదిన ఫొటో మరిచిపోయాను. ఆమె ఉండాల్సిన చోట గులాబీ పువ్వు పెట్టాను. పందిట్లో వదిన ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఒక్కో మొహమే చూసుకుంటూ వెళ్ళడం నా కళ్ళతో చూశాను. క్షమించమని అడగాల్సింది పోయి, హడావుడిలో అలాంటివి జరుగుతాయని దబాయించాను. మళ్ళీ తన గడప తొక్కొద్దన్నాడు అన్న. నేనూ పంతానికి తొక్కలేదు. మాట లేదు గానీ నా స్టేటస్ మాత్రం చూస్తున్నాడన్నమాట.

ఏడున్నరకు కొత్తగూడెం. పది నిమిషాలు ఆగుతుందన్నారు, పావుగంట ఆగింది. స్టాండు బయట పూరీ బాగుంది, కూర కారం. నా పక్కన గనిలో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు, సెకండ్ షిఫ్టుకు మణుగూరు వెళ్తున్నాడు. సంచిని నేను పసిపిల్లలా పట్టుకోవడం చూసి అందులో ఏముందని అడిగాడు. నాకు కడుపులో మాట ఆగదు, మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వలేదు.

"పోంగనే తప్పయిందని ఒప్పుకో. గట్లయింది గిట్లయింది అని కతలు మాత్రం చెప్పకు," అన్నాడు.

తర్వాత అశ్వాపురం దాకా హాయిగా నిద్రపోయాడు. పాల్వంచ పొగగొట్టాలు వెనక్కి పోయాయి. బూర్గంపాడు క్రాస్‌రోడ్డులో భద్రాచలం వెళ్ళే భక్తులు దిగిపోవడంతో బస్సు సగం ఖాళీ అయింది. చెట్ల సందులోంచి ఒకసారి గోదావరి కనబడింది, ఆ తర్వాత బొగ్గు లారీలు, వాటి వెనక నల్లటి దుమ్ము. తొమ్మిదీ ముప్పావుకు మణుగూరులో దిగాను. నాగమణి బస్టాండులోనే ఎదురుచూస్తోంది. ఊరికే చేతులు ఊపుకుంటూ వెళ్ళడమెలా అని కోడిని కొంటానన్నాను. వద్దంది. ఊరుకోక అరటిపళ్ళు కొన్నాను. షేర్ ఆటోలో నలభై నిమిషాలు, సగం దారి తారు, సగం ఎర్రమట్టి. ఊరి పేరు రాయొద్దని వాళ్ళు కోరారు, అందుకే రాయడం లేదు.

ఊళ్ళో ముందు నాకు కనబడింది చిక్కుడు. ప్రతి ఇంటి దడి మీదా, పందిరి మీదా కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ముదిరిపోతున్నాయి కూడా. ఒక్కటీ తెంపలేదు. మా వీధిలో అయితే ప్రహరీ దాటిన కొమ్మకు కాయ మిగలదు.

పెద్దలు ఒక తాటాకు పందిరి కింద కూర్చున్నారు, ఆరేడుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. మధ్యలో వడ్డె జోగయ్య తాత. వడ్డె అంటే వేల్పుకు పూజ చేసే పెద్దమనిషి. డెబ్బై దాటి ఉంటాయి, కళ్ళు మాత్రం చిలిపివి. నా బట్ట మూట ఆయన ముందు పెట్టారు, ఎవరూ విప్పలేదు. నాగమణి ఒక పక్కగా నిలబడి ఎటో చూస్తోంది. గని ఆయన చెప్పినట్టే కథలేమీ చెప్పకుండా, ఆ అమ్మాయి వద్దని చెప్పిందనీ, నేను వినిపించుకోలేదనీ, తప్పు నాదేననీ అన్నాను. వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు అర్థమైంది ఒక్కటే, మధ్యమధ్య వినబడే 'ఫోన్' అన్న మాట.

చివరకు జోగయ్య తాత తెలుగులో అడిగాడు. "ఎంతమంది తిన్నరు సారూ?"

తినడమంటే చూడడమని నాకు అర్థమయ్యేసరికి ఒక నిమిషం పట్టింది. నలభై ఏడుగురని చెప్పి స్క్రీన్‌షాట్ చూపించాను. నాగమణి పేర్లన్నీ ఒకటొకటిగా చదివి వినిపించింది. మా ఆవిడ పేరు, సేటు పేరు, అన్నయ్య పేరు ఆ పందిరి కింద వినబడుతుంటే నాకు అదోలా అనిపించింది. తాత మొహం మాత్రం విప్పారింది.

"ముందుగాల తిన్నోళ్ళ పేర్లు మాకు ఎన్నడు దొరకలే. ఒక్కడు ఒప్పుకోడు. నీ ఫోను మంచిదే," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నా ప్రాణం కుదుటపడింది. ఆయన ఇంకా వదల్లేదు. పేరు పడకుండా చూసినవాళ్ళు ఉంటారా అని అడిగాడు. ఉండొచ్చని, ఫోన్లో అలా దాచుకునే వీలుందని, ఒకరి ఫోన్లో ఇంకొకరు కూడా చూస్తారని నాగమణి చెప్పింది. పెద్దలు మళ్ళీ తలలు దగ్గర పెట్టుకున్నారు. నాగమణి ఈసారి బట్ట మూట వంకే చూస్తోంది. కింది పెదవి కొరుక్కుంటోంది.

తాత తీర్పు చెప్పాడు. "తెల్వక తిన్నోళ్ళది తప్పు కాదు. పెట్టినోనిది. రేపు కొత్తల వాళ్ళకు గూడ భాగం తీద్దాం. గప్పుడు ఎంగిలెందుకైతది, మనతోటి కూసోని తిన్నట్టే. పంచుడు నీ పని. ఎవరి చేతికి వాళ్ళకియ్యాలె, ఇంకొకలతోని పంపియ్యొద్దు. దొంగతనంగ చూసినోళ్ళకు పది పొట్లాలు ఎక్కువ కడ్తం."

బొమ్మ రేపు పెడతారా అని అడిగాను. పెట్టక ఏం చేస్తామన్నట్టు చూశాడు. నాగమణి అక్కడే కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, దుమ్ము మీదకు నెట్టేశాను.

ఆ రాత్రి బస నాగమణి వాళ్ళింట్లో, వసారాలో మంచం. చీకటి పడకముందే అన్నం, టమాట, ఎండు చేపల పులుసు పెట్టారు. తలెత్తితే పందిట్లో చిక్కుడు కాయలు, పళ్ళెంలో మాత్రం లేవు. భోజనమయ్యాక, నేనెలాగూ చూసినవాణ్ణే కదా అని నాగమణి తన ఫోన్లో బొమ్మ తెరిచి చూపించింది. ఒక్కో కాయ పక్కనా చిన్న క్యూఆర్ కోడ్ ఉంది. షాపులో అవి నేనూ చూశాను, ఏదో సైటుకు వెళ్తాయనుకుని పట్టించుకోలేదు. నా ఫోన్‌తో మామిడి కోడ్ స్కాన్ చేశాను. జోగయ్య తాత గొంతు, ముందు కోయలో, తర్వాత తెలుగులో వినిపించింది.

"ఎవరది? మామిడి ఇంక కొత్త కాలే. ఆగు."

నిజంగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కబుర్లకొచ్చి పక్కన చుట్ట కాలుస్తున్న తాత తన గొంతు తనే విని పొలమారేలా నవ్వాడు. ఏ కొత్త అయితే ఆ కోడ్‌ను తాత చెప్పాక నాగమణి తెరుస్తుందట. అప్పుడు అది ఎలా కోయాలో, విత్తనానికీ పిట్టలకూ ఎంత వదలాలో తాత గొంతే చెబుతుంది. మందు మొక్కల బొమ్మలు మాత్రం గీయలేదు. అవి ఫోనుకు చెప్పేవి కావని, అడవిలో వెంట నడిచినవాళ్ళకే చెప్తారని అంది. ఇరవయ్యేళ్ళుగా ఎవరు ఏది పంపితే అది ప్రింటు వేసి ఊరి మీద వదిలిన నాకు, ఆ కట్టుబాటు ఎంతో నచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికల్లా డోళ్ళు మొదలయ్యాయి. ఆడవాళ్ళు బుట్టలతో చిక్కుడు తెచ్చారు. బట్ట ఎక్కడ కడతారా అని నేను గుంజల కోసం వెతుకుతున్నాను. దాన్ని కట్టలేదు. అలికిన నేల మీద పరిచారు. జోగయ్య తాత కూర్చుని, ఒక్కో ఇంటి బుట్టలోంచి దోసెడు కాయలు తీసి, చక్రం మధ్యలో ఖాళీగా ఉన్న చోట పోశాడు. నలభై ఇళ్ళ చిక్కుడు ఆ ఖాళీలో సరిగ్గా సరిపోయింది. అక్కడ నేను శుభాకాంక్షలు రాద్దామన్నాను. నాగమణి నా వంక చూసి కళ్ళతోనే నవ్వింది, నేను తల దించుకున్నాను.

పూజ అయ్యాక చిక్కుడు గింజలు ఉడికించి అన్నంతో పెట్టారు. అంత రుచి నా జన్మలో ఎరగను, ఉప్పు తప్ప ఇంకేమీ వేయలేదు. తాత సైగ చేయగానే నాగమణి ఫోన్లో చిక్కుడు కోడ్ తెరిచింది. ముసలివాళ్ళు కూడా ఫోన్లు పట్టుకుని బట్ట చుట్టూ చేరారు. ఒకేసారి పది ఫోన్లలో పది మంది జోగయ్య తాతలు మాట్లాడుతుంటే ఆయన చెవులు మూసుకున్నాడు. తర్వాత డోళ్ళ చప్పుడుకు ఆటలు. నన్నూ వరసలోకి లాగారు. నాలుగు అడుగులు వేశాను, అయిదో అడుగుకు నడుము పట్టేసింది.

పూజలో పెట్టిన పచ్చి కాయల్లోంచే ఆడవాళ్ళు మోదుగాకు పొట్లాలు కట్టారు. నలభై ఏడు, పైన పది. పెద్ద గంపెడయ్యాయి. ఇప్పుడు ఫోన్లో పెట్టుకోవచ్చని తాత అన్నాడు. చిక్కుడు రాశితో ఉన్న బొమ్మ ఫొటో తీసి ముందు నాగమణికి చూపించాను. కింద ఆమె పేరు రాశాను, షాపు పేరు రాయలేదు. మణుగూరు బస్టాండులో మధ్యాహ్నం పన్నెండున్నరకు స్టేటస్ పెట్టి బస్సెక్కాను.

గంపను కండక్టర్ లగేజీ అన్నాడు. సంగతి విన్నాక టికెట్ కొట్టలేదు, తనూ నా స్టేటస్ చూసినట్టేనా, తనకూ ఒక పొట్లం వస్తుందా అని ఆశగా అడిగాడు. లిస్టులో లేడు, ఏం చేస్తాం. మూడింటికి కొత్తగూడెం. నేరుగా ఖమ్మం బస్సు ఎదురుగా నిలబడి ఉంది. దాన్ని వదిలేసి చండ్రుగొండ బస్సెక్కాను. ఎవరి చేతికి వాళ్ళకివ్వాలని తాత చెప్పకపోతే, ఆ ఒక్క పొట్లం ఎవరితోనైనా పంపేసేవాణ్ణి. ఆ మాట నిజం.

నాలుగున్నరకు అన్నయ్య ఇంటి గేటు ముందు ఉన్నాను.  ఏం తోచక ఫోన్ తీసి స్టేటస్ ఎవరు చూశారో చూసుకున్నాను. పైనే అన్నయ్య పేరుంది. చూసి రెండు నిమిషాలయింది. అంటే గోడకు ఆవల కూర్చుని నా బొమ్మే చూస్తున్నాడు. గేటు తీశాను.

వాకిట్లో వదిన బట్టలు తీస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏందయ్యా, తొవ్వ తప్పినవా?" అంది.

గంప దించి, నిలబడి చెప్పాను. "వదినా, ఆ రోజు నీ ఫొటో మరిచిపోయాను. హడావుడి కాదు, ఏం కాదు. నేను పట్టించుకోలేదు. తప్పు నాది."

ఆమె చేతిలోని చీరను మడిచిందే మళ్ళీ మడిచింది. అన్నయ్య లోపలినుంచి ఫోన్ పట్టుకునే బయటికొచ్చాడు. ఆయన చేతిలో పొట్లం పెట్టి, బట్ట దగ్గర్నుంచి తాత తీర్పు దాకా చెప్పాను. నాలుగేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట ఇది.

"అయితే మీ వదినకు గూడ ఇయ్యి. నీవన్ని నా ఫోన్లనే చూస్తది, రోజు."

వదిన గుమ్మం వైపు తిరిగిపోయింది. దొంగతనంగా చూసినవాళ్ళ పదిలోంచి మొదటి పొట్లం తీసి, ఎదురుగా వెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. ఆకు విప్పి వాసన చూసింది. రెండు పొట్లాలూ తీసుకుని లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. అన్నయ్య కుర్చీ లాగి, నా నడుము ఎందుకు వంకర పోయిందని అడిగాడు. ఆటాడానంటే నమ్మలేదు.

కాసేపటికి ధైర్యం చేసి వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళాను. ఒక ఫొటో తీయనా వదినా అని అడిగాను.

"ఆగు. ముందు తిను. తిన్నంక తీద్దువు గని," అంది వెనక్కి తిరక్కుండానే.

ఏడింటి బస్సులో ఖమ్మం బయల్దేరాను. గంపలో ఇంకా యాభై అయిదు పొట్లాలున్నాయి, రేపట్నుంచి గడప గడపా ఎక్కాలి. అటు వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే, కొత్త అయ్యే వేళకు వెళ్ళండి, ఫోన్ జేబులో పెట్టుకుని వాళ్ళు తియ్యమన్నప్పుడు తియ్యండి. నేను ఇంత సంతోషంగా ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు. వదిన ఫొటో నా ఫోన్లో ఉంది, గరిటె చేతిలో, అన్నయ్య భుజం సగం తెగి. స్టేటస్ మాత్రం పెట్టలేదు. ముందు ఆమెకే చూపించాను. జుట్టు బాగాలేదంది. ఇంకోసారి వచ్చి తియ్యమంది.